మంచినీళ్ల ప్రాయం

దీవి కింద మంచినీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పడం అంచనాల పండితులకి మంచినీళ్ల ప్రాయం. నూతిలో మట్టం సముద్రం కన్నా ఒక అడుగు ఎత్తున ఉందా? అయితే కింద నలభై అడుగులు ఉన్నట్టే. వైశాల్యంతో గుణించు, రిపోర్టుకి అట్ట వేయించు.

నలభై ఉత్తుత్తి అంకె కాదు. సముద్రపు నీరు మంచినీటి కన్నా వందకి రెండున్నర పాళ్లు బరువు. అందుకే ఇసుకలో ఇంకిన వాన, ఉప్పునీటి మీద లెన్సులా తేలుతుంది. డచ్చి సైనిక ఇంజినీరు బాడన్ గైబెన్ 1880ల చివర్లో, ఉత్తర సముద్రపు దీవుల నూతులు చూసి హెర్జ్‌బర్గ్ 1901లో చెప్పిన మాట ఇది. పాపం, వాళ్లు చెప్పింది కుదురుగా ఉన్న నీళ్ల గురించి. పగడపు దీవి కింద నీళ్లకి కుదురెక్కడిది? ఆటుపోట్లు కుదుపుతూనే ఉంటాయి. పదిహేను, ఇరవై మీటర్లు దిగితే పాత సున్నపురాయి, ఒళ్లంతా బొరియలు. అక్కడికి చేరిన మంచినీరు ఉప్పులో కలిసిపోవాల్సిందే. సూత్రానికి ఆ రాయి కనబడదు.

మధ్యలో మంచీ కాని, ఉప్పూ కాని నీళ్ల పొర ఒకటుంటుంది. దాన్ని ఏ పద్దులో రాస్తారు? మంచి పద్దులోనే. తాగేది పండితుడు కాదుగా! గొట్టాలు దించి లోతులోతుకీ ఉప్పదనం కొలిస్తే నిజం తేలుతుంది. దానికి డబ్బు కావాలి, ఓపిక కావాలి. అన్నిటికీ మించి, అంకె చిన్నదైతే మింగే గొంతు కావాలి. వానలు వెళ్లగానే కొలిస్తే ఆ బాధ కొంత తగ్గుతుందనుకోండి.

ఇక ఎక్కాన్ని వెనక్కి చదవండి. మోటారు పెట్టి మట్టాన్ని ఒక్క అడుగు లాగేస్తే, చివరికి కింద ఉప్పు నలభై అడుగులు పైకొస్తుంది. ఈ ఎక్కం మాత్రం ఎవరి నోటికీ రాదు.

మాల్దీవుల రాజధాని మాలెనే చూడండి. ఇవాళ రెండు చదరపు కిలోమీటర్ల నేల, లక్ష దాటిన జనం. ఒకప్పుడు కాళ్ల కింది లెన్సులోంచి తోడారు, అందులోకే మురుగు వదిలారు. 1978లో కలరా వచ్చింది. తర్వాత సముద్రాన్నే వడగట్టి తాగడం మొదలైంది. 2014 డిసెంబరు 4న ఆ వడపోత కర్మాగారం అంటుకుంది. ఊరు ఊరంతా గొంతెండింది. మన వాయుసేన విమానాలు తాగునీళ్లు మోసుకెళ్లాయి.

ఆ నీళ్లకి ఏ పండితుడి అంచనా అక్కర్లేకపోయింది. ఎన్ని లీటర్లో సీసా మీదే ఉంటుంది కదా.