నా ఎడమవైపు

"ఇదేం విమానంరా నాయనా, పళ్లెం వెనక రెండు రోకళ్లు కట్టినట్టుంది!"

వర్జీనియాలో కూతురింటికి వచ్చిన ఒక అమ్మమ్మ వాషింగ్టన్ మ్యూజియంలో నా అద్దాల పెట్టె ముందు నిలబడి అన్న మాట ఇది. ఇన్నేళ్లలో నా రూపాన్ని ఇంత పొదుపుగా ఎవరూ చెప్పలేదు. మనవడు మాత్రం నొచ్చుకున్నాడు. "అది స్టార్‌షిప్ అమ్మమ్మా, ఎంటర్‌ప్రైజ్!"

ఇద్దరిదీ నిజమే. నేను పదకొండడుగుల బొమ్మని. 1964 చివర్లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో చెక్క, ప్లాస్టిక్, రేకు కలిపి నన్ను చేశారు. నా బొమ్మ గీసిన మ్యాట్ జెఫరీస్ స్వయంగా విమానం నడిపేవాడు. అమెరికా విమానాల మీద ఒకప్పుడు రాసిన ఎన్‌సీ అక్షరాలకు ఇంకో సీ తగిలించి నాకు ఎన్‌సీసీ-1701 అని నంబరిచ్చాడు. తర్వాత లోపల దీపాలు పెట్టి, వాటి వైర్లన్నీ ఎడమవైపు నుంచి బయటికి లాగారు. కెమెరాకి కుడివైపు చూపిస్తే చాలు కదా, రెండోవైపు సింగారం దండగ అనుకున్నారు.

1966 సెప్టెంబరు 8న టీవీలో నా సీరియల్ 'స్టార్ ట్రెక్' మొదలైంది. రెండో ఏడు తిరక్కుండానే ఆపేస్తారన్న పుకారు పుట్టింది. బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే భార్యాభర్తలు ఉత్తరాల ఉద్యమం నడిపారు. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1968 జనవరిలో కాల్‌టెక్ కాలేజీ విద్యార్థులు ఛానెల్ స్టూడియో దాకా ఊరేగింపుగా వెళ్లారు. మార్చి 1న ఛానెల్ వాళ్లు సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించారు. కొనసాగించారు సరే, శుక్రవారం రాత్రి పది గంటలకు వేశారు. ఆ వేళకి ఇంట్లో కూర్చుని టీవీ చూసే కుర్రాడెవడు? ఖర్చూ తగ్గించేశారు. 1969 జూన్ 3న చివరి ఎపిసోడ్ వచ్చింది. ఆ తర్వాత 47 రోజులకు మనిషి చంద్రుడి మీద దిగాడు. దీపాలార్పిన స్టూడియోలో నేను పెట్టెలో ఉన్నాను.

ఆ మూడో ఏడాది ఎపిసోడ్‌లు బాగా లేవని అభిమానులే తిట్టుకుంటారు. కానీ లెక్క చూడండి. మొదటి రెండేళ్లవి 55. సీరియల్ ఆగాక ఊరూరి టీవీ స్టేషన్లు రోజుకొకటి చొప్పున తిప్పి తిప్పి వేసుకోవాలంటే అవి చాలవు. మూడో ఏడువి 24 కలిసి 79 అయ్యాయి కాబట్టే సాయంత్రాలు బడి నుంచి వచ్చిన పిల్లలకు నేను రోజూ కనిపించగలిగాను. తిట్టించుకున్న ఏడాదే నాకు అన్నం పెట్టింది.

1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు ఒక సభ పెట్టారు. కొన్ని వందల మంది వస్తారనుకుంటే మూడు వేలు దాటారు. వాదనలు అప్పటికే ముదిరాయి. మళ్లీ తీస్తారా? తీస్తే పాత మనుషులతోనా, కొత్తవాళ్లతోనా? 1987లో పాత సీరియల్ నాయకులు కిర్క్, స్పాక్ లేకుండా కొత్త సీరియల్ అనగానే "వాళ్లు లేనిది స్టార్ ట్రెక్ ఎలా అవుతుంది?" అన్నారు. ఆ సీరియల్ చూస్తూ పెరిగినవాళ్లే 2009 స్టార్ ట్రెక్ సినిమా కథ కాలరేఖను మార్చేసిందని గోల పెట్టారు. మధ్యలో 2005లో నా పేరు పెట్టుకున్న సీరియల్‌ని ఆపేస్తే విరాళాలు కూడా పోగుచేశారు. ఫలితం లేకపోయింది.

ఉత్తరాలతో వాళ్లు సాధించినది ఇంకొకటుంది. 1976లో నాసా మొదటి షటిల్‌కి నా పేరు పెట్టించారు. ఆ షటిల్ ఒక్కసారి కూడా అంతరిక్షానికి వెళ్లలేదు. ఆ విషయంలో మేం అక్కాచెల్లెళ్లమే.

ఇంతకీ వాళ్లు అన్నిటికన్నా గట్టిగా కొట్టుకున్నది నా ఒంటి మీది గీతల గురించి. 1974లో నేను స్మిత్‌సోనియన్ మ్యూజియంకి చేరాను. 1990ల మొదట్లో ఒకసారి రంగులు వేసినప్పుడు ఒళ్లంతా గీతలు కొట్టొచ్చినట్టు పడ్డాయి. "ఇది మా ఓడ కాదు" అన్నారు. పళ్లెం పైభాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. అక్కడ అరవయ్యో దశకం నాటి అసలు రంగు ఇంకా ఉంది. 2016కి ముగిసిన మరమ్మతుకి ఆ ముక్కే ఆనవాలు. అది చాలక పాత ఫొటోలుంటే పంపమని మ్యూజియం జనాన్ని అడిగింది. అటకల మీది ఆల్బమ్‌లు దిగాయి.

అప్పుడు లేచింది అసలు ప్రశ్న. పాతది కావాలంటున్నారు సరే, ఏ పాతది? 1964లో నాకు దీపాలే లేవు. ఆ తర్వాత రెండు మూడుసార్లు నన్ను మార్చారు. చివరికి 1967 ఆగస్టులో నేనెలా ఉన్నానో అలా చెయ్యాలని తేల్చారు. మిగతా నెలల నేను ఏమైపోవాలో ఎవరూ అడగలేదు. అడగరు కూడా. ఎవరి చిన్నతనంలో నన్ను చూశారో వాళ్లకి అదే అసలు.

అమ్మమ్మ నెమ్మదిగా నా చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చింది.

"ఇటుపక్క వదిలేశారేంట్రా? కిటికీలే లేవు!"

మనవడు పరుగెత్తుకొచ్చాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అద్దానికి ముక్కు ఆనించి, ఏమీ లేని చోట వేలు పెట్టి చూపించడం మొదలెట్టాడు.

"ఉన్నాయి అమ్మమ్మా. ఇక్కడొకటి, ఇక్కడొకటి... ఇది డాక్టరు గారి గది."

"ఆహా! మరి వంటగది?" అంది అమ్మమ్మ, కళ్లజోడు సర్దుకుంటూ.