గోచీ, గ్రాఫిక్స్ కార్డు

మా బామ్మర్దికి హోసూరు సిప్‌కాట్‌లో ఉద్యోగం. నెలకో సెలవు మాత్రం బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ దుకాణాలకు రాసిచ్చేశాడు. అత్తిబెలె ట్రాఫిక్‌లో నిలువుకాళ్ల మీద వెళ్లి, రాత్రికి ఓ అట్టపెట్టెను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని దిగుతాడు. బేరం కన్నడంలో, ఈఎంఐ ఫోన్లకు జవాబు తమిళంలో, గొణుగుడు తెలుగులో. మా వీధిలో ఇలాంటివాళ్లు ముగ్గురున్నారు. ఆట ఆడటానికి ఏళ్ల తరబడి సిద్ధమవుతూనే ఉంటారు.

ఇదంతా ఇండియానా జోన్స్ పెట్టిన చిచ్చు. 2024 డిసెంబరులో వచ్చిన ఆ ఆట, రే ట్రేసింగ్ లేని కార్డును గడప తొక్కనివ్వదు. వీడిదేమో 2016 నాటి జీటీఎక్స్ 1060.

"బావా, వెలుగు గోడ మీద పడి ఎట్ల తిరిగొస్తాదో లెక్క కట్టాల. ఈ కార్డులో ఆ సరుకు లేదు."

వాడి గదికి కిటికీ లేదు, అది వేరే సంగతి.

ఆర్‌టీఎక్స్ 3060 వచ్చింది. దానికి 550 వాట్ల పవర్ సప్లై కావాలట, ఉన్నది 450. మార్చాడు. కార్డు పొడుగై క్యాబినెట్‌లో పట్టలేదు. అదీ మార్చాడు. అప్పుడు ప్రాసెసర్ ముసలిదైపోయింది. కొత్త ప్రాసెసర్ పాత మదర్‌బోర్డు మీద కూర్చోదు, కొత్త బోర్డుకు పాత ర్యామ్ గిట్టదు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాలకు ఆవును, ఆవు మేతకు పొలాన్ని సంపాదించుకున్న సన్యాసే నయం, ఆయనకు ఈఎంఐ లేదు.

తీరా డీడీఆర్5 ర్యామ్ కొనబోయేసరికి 2025 చివర. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు మింగేస్తున్నాయి, ధరలు నెలల్లో రెట్టింపు దాటాయి. అమెరికాలో ఎవరో చాట్‌బాట్‌ను ప్రేమలేఖ రాయమంటే ఇక్కడ మావాడి జేబుకు చిల్లు పడింది.

మా మామకు కృష్ణగిరి దగ్గర మామిడితోట. 2025లో తోతాపురి కిలో 5 రూపాయలకు దిగింది. ఆయన లెక్కంతా అందులోనే.

"ముప్పై వేల కార్డంటే ఆరు టన్నుల కాయరా! కోతకూలి కాక."

"నాయనా, దీంట్లో 12 జీబీ ఉండాది."

"కాయలు పడతాయా అందులో?"

మొత్తానికి అన్నీ బిగించి నన్ను పిలిచాడు. తెర మీదికి ఇండియానా జోన్స్ వచ్చాడు. మావాడు ఆయన మొహం చూస్తేనా! మూలన సెకనుకు ఎన్ని ఫ్రేములో చూపే ఎఫ్‌పీఎస్ అంకె మీదే కళ్లు. 60. నీడలు పెంచాడు, 48. తగ్గించాడు, 62. మళ్లీ పెంచాడు. పాపం హీరో గంటసేపు గోడ పక్కన నిలబడ్డాడు. పదింటికి "అలసిపోయినా బావా" అంటూ వైస్ సిటీ తెరిచి, హాయిగా బైకెక్కాడు. 2003లో పీసీకి వచ్చిన ఆట అది. 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ కార్డు ఉంటే నడుస్తుంది.

ఇప్పుడు జీటీఏ 6 కోసమని ఇంకో కార్డుకు చీటీ కడుతున్నాడు. ఆ ఆటను ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్‌కీ తప్ప పీసీకి ప్రకటించనే లేదు. వాడికి మీరెవరూ చెప్పకండి, చీటీ ఇంకా పద్నాలుగు నెలలుంది.