‘నేను’ అనలేని పాదరసం

తన కథ చెప్పమంటే పాదరసం ‘నేను’ అనదు. నేల మీద పడితే పది బొట్లవుతుంది. ఆ పదింట్లో ‘నేను’ ఏది? అందుకే తన గురించి ‘అది’ అనే చెప్పుకుంటుంది.

అది అమెరికా నుంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో నడిచిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ 1980ల మొదట్లో కొడైకెనాల్ కొండెక్కితే, వెనకాలే అదీ ఎక్కింది. అమ్మ విదిలించి చంకలో పెట్టే గాజుపుల్ల గుర్తుందిగా, అందులోని వెండి గీత అదే. ఒక్కోదాంట్లో గ్రాముకు అటూ ఇటూ. అంతే ఉద్యోగం.

పగిలిన పుల్లలకు ఉద్యోగం లేదు. అవి తుక్కు కింద అమ్ముడుపోయాయి. 2001 మార్చిలో అక్కడి మూంజికల్‌లోని ఒక పాత సామాన్ల కొట్టులో 7 టన్నులకు పైగా ఆ గాజు బయటపడింది. జనం రోడ్డెక్కారు, ఫ్యాక్టరీ మూతపడింది. పరిహారం అడిగిన మాజీ కార్మికులు 591 మందితో కంపెనీ రాజీ కుదుర్చుకునేసరికి 2016 వచ్చింది.

ఆసుపత్రి చెత్తలో పడ్డా దాని తీరు ఇంతే. ఇన్సినరేటర్‌లో వేస్తే దూది బూడిదవుతుంది. అది మాత్రం ఆవిరై పొగగొట్టం ఎక్కుతుంది, వానతో పాటు దిగుతుంది. నిప్పంటే దానికి భయం లేదు, ప్రయాణం ఖర్చు కలిసొస్తుంది!

మట్టిలో చేరాక తొందరపడదు. కుళ్లిన ఆకుల నల్లమట్టిని కరుచుకుని కూర్చుంటుంది. గాలాడని బురద దొరికితే అక్కడి బాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అప్పుడిక నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ పోతుంది. జపాన్‌లోని మినమాటాలో మనుషుల నరాలదాకా వెళ్లింది ఈ చేపల దారినే. అణుశక్తి విభాగానికి చెందిన హైదరాబాద్ శాస్త్రవేత్తలు కొడైకెనాల్ చెట్ల మీది నాచులో, లైకెన్లలో, సరస్సు చేపల్లో దాని జాడ పట్టుకున్నారు.

2003లో 290 టన్నుల పాదరసపు చెత్త ఓడెక్కి అమెరికా వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ మట్టికి ఆ టికెట్ దొరకలేదు. కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల దాకా ఉండనివ్వొచ్చని అధికారుల లెక్క. ఆ పరిమితి మరీ ఎక్కువని పర్యావరణ కార్యకర్తల వాదన. ఫ్యాక్టరీ వెనక పాంబార్ షోలా అడవి వాలు ఉంది. శుభ్రం చేయాలని అక్కడి చెట్లు పెకలిస్తే మట్టి వాగులోకి జారుతుంది. వదిలేస్తే వేళ్ల మధ్య అది అలాగే ఉంటుంది.