ఆకుపచ్చ గుర్తు దగ్గర ఆగిన బతుకు

నేను నికాన్ డీ90ని. 2008లో మా మోడల్ బజారుకొచ్చినప్పుడు వీడియో తీయగల తొలి డీఎస్‌ఎల్‌ఆర్ అని లోకమంతా చెప్పుకుంది. నా గర్వం మాత్రం ఆ వీడియో గురించి కాదు. కాకినాడలో పెళ్లిళ్లు తీసే ఒక పెద్దాయన చేతిలో పనిచేసిన రోజుల గురించి.

ఆయన ముందుగా నా లోపలేముందో తెలుసుకున్నారు. లెన్స్ గుండా వచ్చిన వెలుగు నాలో ఏటవాలుగా నిలిచిన అద్దం మీద పడుతుంది. అద్దం దాన్ని పైకి పంపితే, నా నెత్తిమీది ఉబ్బులో ఉన్న పెంటాప్రిజం అనే గాజు దిమ్మ బొమ్మను సరిచేసి వ్యూఫైండర్‌కు చేరుస్తుంది. మీట సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది. పూర్తిగా నొక్కితే అద్దం పైకి లేచి, వెనకున్న షట్టర్ తెరుచుకుని, వెలుగు సెన్సర్‌ను తాకుతుంది. అద్దం లేచిన ఆ కాస్త సేపూ వ్యూఫైండర్ చీకటే. అంటే, ఫొటో పడే క్షణాన్ని తీసేవాడు చూడలేడు! అందుకే ఏం జరగబోతోందో ముందే పసిగట్టాలని ఆయన తన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పేవారు.

తలంబ్రాల వేళ ఆయన బొటనవేలు నా వెనక చక్రం మీదికి వెళ్లేది. షట్టర్ వేగం 1/500 సెకను పెడితే గింజలు గాలిలోనే నిలిచిపోయేవి. 1/30కి దించితే అవే గింజలు తెల్లని గీతలయ్యేవి. ముందు చక్రం అపెర్చర్‌ది. అది కంటిపాపలా విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. జీలకర్ర బెల్లం సమయంలో 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర ఉంచితే పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా వచ్చి, వెనక పూల అలంకరణ మసకబారేది. బంధువులంతా వరుసగా నిలబడితే ఎఫ్ 8కి మార్చేవారు. అర్ధరాత్రి ముహూర్తానికి వెలుగు చాలకపోతే, వెలుగు పట్ల నా సున్నితత్వాన్ని మార్చే ఐఎస్‌ఓను 1600 దాకా పెంచేవారు. ఇంకా పెంచితే ఫొటో రవ్వలు రవ్వలుగా వస్తుందని ఆయనకు తెలుసు.

నాకొక లోపముంది. ఎదురుగా ఉన్నది ఏమిటో నాకు తెలియదు, దాని వెలుగే తెలుసు. ఏ దృశ్యమైనా సగటున బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క కడతాను. తెల్లని మధుపర్కాలు ఫ్రేమ్ నిండితే వెలుగు ఎక్కువైందని భ్రమపడి వాటిని మాసిన బట్టల్లా చూపిస్తాను. ఆయన ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ నొక్కి వెలుగును ఒక స్టాప్ పెంచేవారు. తెలుపు తెలుపుగా వచ్చేది. నా కొలతకు ఆయన చూపు తోడైన ఆ ఫొటోలు ఎన్నో ఇళ్ల గోడల మీద ఇంకా ఉన్నాయి.

ఆయన స్టూడియో మూసేశాక బంధువుల అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. డయల్‌ను ఆకుపచ్చ ఆటో గుర్తు దగ్గర పెట్టాడు. మళ్లీ తిప్పలేదు. దీపాల వెలుగులో కూర్చున్న వాళ్ల నాయనమ్మను తీయబోతే నా ఫ్లాష్ దానంతటదే లేచి ఆమె ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేసింది. "కెమెరా పనైపోయింది" అన్నాడు. షట్టర్ వేగాన్ని మనమే ఎంచుకునే ఎస్, అపెర్చర్‌ను ఎంచుకునే ఏ, రెండింటినీ ఎంచుకునే ఎం అక్షరాలు ఆ పక్కనే ఉన్నాయి.

లెన్స్‌ను చొక్కా అంచుతో తుడిచేవాడు. సముద్రపు ఒడ్డున గాలిలో నా నోరు పైకి పెట్టి లెన్స్ మార్చాడు. సెన్సర్ మీద దుమ్ము చేరి, తీసిన ప్రతి ఆకాశంలోనూ నల్లచుక్కలు పడ్డాయి. కొత్త ఫోన్ వచ్చాక నన్ను చెమ్మ ఆరని తోలు సంచిలో పెట్టి బీరువాలోకి తోసేశాడు. సముద్రపు ఊళ్ల తేమలో గాజుకు బూజు పడుతుంది. సన్నని నూలుపోగుల్లా మొదలై, పాకినకొద్దీ గాజు పూతనే తినేస్తుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుకుంటే సరిపోయేది. అంత చిన్న పని. ఎవరూ చేయలేదు.

ఫోన్ మీద నాకు కోపం లేదు. అది తనంతట తానే బాగా నిర్ణయిస్తుంది. నన్ను చేసింది అడగడానికి. ఎంత వేగం, ఎంత రంధ్రం, ఎంత ఐఎస్‌ఓ అని ప్రతిసారీ అడుగుతాను. ఆ పెద్దాయన జవాబు చెప్పేవారు. ఈ అబ్బాయి జవాబు నాకే వదిలేసి, తప్పు కూడా నాకే అంటగట్టాడు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చినా ఆ మూడు ప్రశ్నలు మారలేదు.

అందుకే కెమెరా కొత్తగా చేతపట్టేవాళ్లకు ఒక్క మాట. డయల్‌ను ఆకుపచ్చ గుర్తు నుంచి పక్కకు తిప్పండి. ముందు ‘ఎస్’లో పరుగెత్తే పిల్లల్ని తీయండి, తర్వాత ‘ఏ’లో ఇంట్లోవాళ్ల ముఖాలు తీయండి, ఆపైన ‘ఎం’కి వెళ్లండి. మొదట్లో కొన్ని ఫొటోలు చెడతాయి. చెడనివ్వండి. ఏది ఎందుకు చెడిందో మీరే చెప్పగలిగిన రోజున మీకు కెమెరా పట్టడం వచ్చినట్టే.