పెరటి గోడ పక్క నుంచి

నేను సైకిల్ని. గేర్లు లేవు. నల్లరంగు, బరువైన స్టాండు, ఇనుప క్యారియరు. నా పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు దాదాపు సమానమైన చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చెయిను అనే ఆకారాన్ని 1885లో ఇంగ్లండులో స్టార్లీ ఖాయం చేశాడు. 1888లో డన్‌లప్ టైరులో గాలి నింపాడు. నేనూ ఆ అచ్చులోంచి ఊడిపడ్డవాణ్నే. ప్రస్తుతం సూళ్లూరుపేటలో ఒక పెరటి గోడకు ఆనుకుని ఉన్నాను. టైర్లలో గాలి లేదు, సీటు మీద కోడిపెట్ట కాపురం. అయినా ఒక మాట గట్టిగా చెప్పగలను. నలుగురు స్నేహితులు ఒక రోజంతా పులికాట్ సరస్సు చూడాలనుకుంటే, దానికి తగిన బండి కారు కాదు, మోటారు సైకిలూ కాదు, నేనే. పని పోయినవాడి ఉక్రోషం అనుకుంటారేమో. ఉక్రోషం ఉన్న మాట నిజమే, లెక్క కూడా ఉంది.

చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, అరణి తెచ్చే మంచినీళ్లూ ముఖద్వారాల్లోంచి తోసుకొచ్చే సముద్రపు నీళ్లూ ఇక్కడ కలుస్తాయి. లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. అందుకే ఫ్లెమింగోలు పొడుగుకాళ్ల మీద నిలబడి, ముక్కు తలకిందులుగా ముంచి, బురదనీటిని వడగట్టుకు తింటాయి. అంటే చూడవలసిందంతా ఒక్కచోట పోగుపడి లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు నీళ్ల మధ్యగా వేసిన రోడ్డుకు అటూ ఇటూ పరుచుకుని ఉంది. కారులో ఆ దారి అరగంట కూడా పట్టదు, కొంగల బారు అద్దంలో తెల్లటి గీతలా మాయమవుతుంది. అటకానితిప్ప దగ్గర దిగి ఒక ఫొటో తీసుకుంటే యాత్ర అయిపోయినట్టే. నేను గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు పోతాను. ఆగాలంటే కాలు కింద పెడితే చాలు. ఇంజను రొద లేదు కాబట్టి రెక్కల చప్పుడు వినిపిస్తుంది. సైకిలు మీద వచ్చినా మనిషిని చూసి పక్షులు లేస్తాయి కదా అంటారు. లేస్తాయి, ఒప్పుకుంటాను. గట్టు దిగి గుంపుగా దగ్గరికి నడిచేవాళ్లను ఏ వాహనమూ బాగుచేయలేదు.

అందరూ మొదట అడిగేది ఎదురుగాలి గురించి. నీళ్ల మధ్య రోడ్డు కదా, ఆపడానికి చెట్టూ గోడా లేవు. కానీ ఆకాశం తేటగా ఉన్న రోజున తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం తిరగబడుతుంది. చీకటితో బయలుదేరి తూర్పుకు తొక్కి, సముద్రపు గాలి మొదలయ్యాక వెనక్కి తిరిగితే రెండుసార్లూ గాలి వీపు మీదే. ఈశాన్య గాలి బలంగా ఉన్న రోజున ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడే స్నేహితులు అక్కరకొస్తారు. ముందువాడు గాలి కోస్తుంటే, చక్రం వెనక చక్రంగా వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. వంతులవారీగా ముందుకు రావాలి, అందరిలో నెమ్మదైనవాడి వేగమే అందరి వేగం కావాలి. కారులో నలుగురూ ఒకే డబ్బాలో కూర్చుంటారు, ఒకడి అలసటతో ఇంకొకడికి పనిలేదు. ఇక దూరమంటారా? శ్రీహరికోట రాకెట్ కేంద్రం గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి, ఉత్తరాన 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన నేలపట్టులో కడప చెట్ల మీది గూడబాతుల గూళ్లు కూడా చూసి ఇల్లు చేరితే డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. దూరపు సైకిలు యాత్రల వాళ్లు 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగిస్తారు, మనకు ఆ తొందర అక్కర్లేదు.

ఇంత దూరానికి గేర్ల సైకిళ్లు ఉన్నాయి, నువ్వెందుకు అనేవాళ్లూ ఉన్నారు. అవి తేలిక, నిజమే. వాటిలా కారు నెత్తినెక్కి రావడం మాత్రం నాకు చేతకాని విద్య. ఈ రోడ్డు చదును, ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు, ఇక్కడ గేర్లతో అవసరమెంత? పాతబండినని తీసిపారేయకండి. ఆ రాకెట్ కేంద్రం గేటు అవతల 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. అంతకుముందు తుంబాలో, మన రాకెట్లు పసిబిడ్డలుగా ఉన్నప్పుడు, రాకెట్ ముక్కును క్యారియరు మీద పెట్టుకుని నడిచింది నా జాతిదే. ఆ ఫొటో దేశమంతా చూసింది. దానికి దండ వేసే మనుషులే ఇంట్లో సైకిలును ఉప్పుగాలికి వదిలేస్తారు. ఇక్కడి గాలికి చెయిను ముందు ఎర్రబడుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. పుల్లలు ఒక్కొక్కటే తెగుతాయి. బ్రేకు రబ్బరు ఎండి రాయవుతుంది. చివరికి పాత ఇనుము కొనేవాడు తూకం వేసేటప్పుడు బెల్లు ఒక్కటి విడిగా ఊడదీస్తాడు, అది ఇత్తడేమోనన్న ఆశతో.

అక్టోబరు నుంచి పక్షులు దిగుతాయి. అప్పటికి నా వెనక ట్యూబు మార్పించండి, చెయినుకు నాలుగు చుక్కల నూనె వేయండి. కోడిపెట్టకు వేరే చోటు నేను చూపిస్తాను.