గుండు గీకితే గిరాకీ

జగిత్యాల జిల్లా ముత్యంపేటలో సకినాల దుకాణం నడిపే ఒకాయనకు టీవీలో యాడ్ ఇయ్యాలని బుద్ధి పుట్టిందనుకుందాం. హీరోయిన్ అక్కర్లేదట. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ సొంత గుండుతోనే అంత పేరు తెచ్చుకోలేదా, 'నేను గూడ గీయించుకుంట' అని మంగలి దగ్గరికి బయల్దేరాడు. చానల్ మనిషి పది సెకన్లకింతని రేటు చెప్పాడు. గంటకు 12 నిమిషాలే ప్రకటనలన్న రూలుంది, చోటు కష్టమన్నా అని బెదిరించాడు కూడా. (మిగతా 48 నిమిషాలూ వార్తలేనని నమ్మేవాళ్లు నమ్మొచ్చు.)

"పది సెకన్లల్ల ఒక్క సకినం నములుడు గూడ కాదు, ఇగ ధరెప్పుడు చెప్పాలె?" అన్నాడీయన.

అయినా ఊళ్లోనే అనుభవజ్ఞులుండగా హైదరాబాద్ సలహా ఎందుకు? 2015 డిసెంబరులో మూతపడ్డ ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ పైసా ఖర్చు లేకుండా టీవీలకెక్కుతూనే ఉంది. ఎన్నికలొస్తే చాలు, రంగురంగుల కండువాలు దాన్ని తెరిపిస్తామంటూ మైకులందుకుంటాయి. సరుకు లేదు, గిరాకీ లేదు, ప్రచారం మాత్రం ప్రైమ్ టైమ్‌లో!

సకినాలాయన కిటుకు పట్టేశాడు. గుండు మానుకుని, వచ్చే ఎన్నికల దాకా షట్టర్ దించేస్తాడట.