మూత పడని తుపాకీ

గూడూరులో మా నాన్నకు ఇస్త్రీ పెట్టె పాడైతే పండగ. షాపుకు తీసకపోవడం నామోషీ. విప్పి, లోపలి మైకా రేకు బయటికి లాగి, "ఇది మన గనిదే" అనేవాడు. మా చుట్టుపక్కల పచ్చఛాయ అభ్రకం గనులున్న మాట నిజమే గానీ, ఆ రేకు ఏ గనిదో ఆయనకెట్ట తెలుసు? విప్పడానికి సాకు కావాలంతే. బిగించడానికి అమ్మ మనిషిని పిలిపించేది.

ఆ రక్తం ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ప్రవహిస్తోంది. మా అక్క కొడుకు అక్కడ ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ కొన్నాడు. మూతికి నారింజ రంగు, లోపల 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు. అసలు తుపాకీ దొరకడం మహా కష్టమైన జపాన్‌లో పెద్దవాళ్లు ఆడుకోడానికి పుట్టిన సరదా ఇది. 1991లో టోక్యో మారుయి కంపెనీ ఫామాస్ అనే రైఫిల్ నమూనాలో బ్యాటరీతో నడిచేది తెచ్చాక దానికి ఊపొచ్చింది.

ఎవరైనా తుపాకీ కొంటే కాలుస్తారు. మావాడు విప్పాడు.

తప్పు పట్టలేను, లోపలుండే గేర్‌బాక్స్ అంత ముచ్చటగా ఉంటుంది. మోటారు మూడు గేర్లను తిప్పుతుంది. చివరిదాన్ని సెక్టార్ గేరంటారు. పిస్టన్‌ను పట్టే పళ్లు దానికి సగం చుట్టే. అవి పిస్టన్‌ను వెనక్కి ఈడుస్తూ స్ప్రింగును అణుస్తాయి. పళ్లు అయిపోగానే పిస్టన్ పట్టు తప్పి ముందుకు దూకుతుంది, ఎదురుగా ఉన్న గాలి గుండును తోస్తుంది. సగం పళ్లు లేకపోబట్టే పనిచేసే యంత్రం! మా తాత బతికుంటే ఎంత ధైర్యం తెచ్చుకునేవాడో.

నాకు ఇక్కడ కాఫీ వేళ, వాడికి అర్ధరాత్రి. వీడియో కాల్.

"మామా, మూత తీశా. స్ప్రింగు కనపడ్లా."

"దాన్ని ముందే వదులు చేసుకోవాల కదరా?"

"ఇప్పుడు తెలిసింది మామా."

స్ప్రింగు సోఫా కింద దొరికింది. తర్వాత షిమ్‌లు. గేర్లకు అటూ ఇటూ వేసే పల్చటి వాషర్లు, కొన్ని మిల్లీమీటరులో పదో వంతు మందం. ఎక్కువైతే గేరు బిగుసుకుంటుంది, తక్కువైతే కీచుమంటుంది. ఏది ఎక్కడిదో తెలియడానికి వాటిని తెల్లకాగితం మీద వరసగా పేర్చుకుని, వాడు తుమ్మాడు. తుమ్మితే ఆగమని మన పెద్దలు అన్నది బహుశా షిమ్‌ల గురించే.

అసలు నరకం మూత వేయడంలో ఉంది. గేర్ల ఇరుసులు వాటి రంధ్రాల్లో కూర్చోవాలి, పిస్టన్ గాడిలో ఉండాలి, ట్రిగ్గర్ కదలకూడదు, గేరు వెనక్కి తిరక్కుండా ఆపే బుల్లి గొళ్లెం దాని స్ప్రింగుతో సహా నిలబడాలి. పెళ్లిలో గ్రూప్ ఫొటోనే ఇది. ఒకర్ని సర్దేలోగా ఇంకొకరు పక్కకు జరుగుతారు. ప్రతిసారీ ఆ గొళ్లెమే జరిగేది.

ఆర్నెల్లకని వాడి దగ్గరికి పోయిన మా అక్క వెనకనించి అంతా చూస్తోంది. చివరికి వాడు చేతులు తుడుచుకుని ప్రకటించాడు.

"ఇట్టాంటిదే ఇంకోటి కొంటా మామా. లోపల ఏది ఎక్కడుందో దాంట్లో చూసి దీన్ని బిగిస్తా."

అక్క ఫోన్ లాక్కుంది. "ఒరే తమ్ముడూ, దాంట్లో చూడాలంటే దాన్నీ విప్పాల గదరా?"